సెవిల్‌లో తపాస్ విందు, తొమ్మిదిమందికి 342 యూరోలు: అందరూ సమానంగా కట్టడం న్యాయమేనా?

గోదారిగట్టు:
శనివారం స్పెయిన్‌లోని సెవిల్‌లో తొమ్మిదిమందిమి కలిసి ఒక తపాస్ రెస్టారెంటుకి వెళ్లాం, అంటే చిన్న చిన్న ప్లేట్లు తెప్పించి అందరూ పంచుకు తినే చోటు. కాకినాడ నుంచి వచ్చిన మా అమ్మ కూడా ఉంది. ఆర్డర్ అంతా ఒకరే ఇచ్చారు: హామ్ (పంది తొడ మాంసం), రొయ్యలు, స్క్విడ్ వేపుడు, పంది బుగ్గ మాంసం కూర. ఒక్కో ప్లేటూ వచ్చి మధ్యలో పెట్టడం, రెండు నిమిషాల్లో ఖాళీ కావడం. అమ్మ గుడ్డు కూడా తినదు. బ్రెడ్డు, నాలుగు ఆలివ్‌లు తింది. తలకి 38 యూరోలన్నారు. మా ఇద్దరికీ 76 కట్టాను. సబబేనా?

లెక్కలమాస్టారు:
బ్రెడ్డుకి విడిగా వేశారా? అక్కడ చాలాచోట్ల వేస్తారు.

మాడ్రిడ్‌వాసి:
ఆరేళ్లుగా ఇక్కడే ఉంటున్నా కాబట్టి చెప్తున్నా. తప్పు రెస్టారెంటుది కాదు. తపా అంటే చిన్న ప్లేటు, మెదియా రాసియోన్ అంటే సగం, రాసియోన్ అంటే నిండు ప్లేటు. తొమ్మిదిమంది ఉన్నప్పుడు రాసియోన్‌లే చెప్పాలి. మీవాళ్లు తపాలు చెప్పి ఉంటారు, అందుకే ఖాళీ అయ్యాయి. గ్రెనడాలో అయితే డ్రింకుతో పాటు ఒక తపా ఊరికే ఇస్తారు, సెవిల్‌లో కొనుక్కోవాలి. శాకాహారం లేదనడం కూడా తప్పు. పాలకూర, శనగలు కలిపి జీలకర్ర, వెల్లుల్లితో వండేది సెవిల్ సొంత వంట. వంకాయ వేపుడు మీద తేనె పోసిచ్చేది ఉంది. అడిగితే తెచ్చేవారు.

గోదారిగట్టు:
రెస్టారెంటుని నేనేమీ అనలేదు. శాకాహారం అని అడిగితే సాల్మొరేహో తెచ్చారు. టమాటా చల్లటి సూప్, పైన హామ్ ముక్కలు, ఉడికిన గుడ్డు.

మాడ్రిడ్‌వాసి:
మాంసం వద్దంటే చాలదు. హామ్‌ని మాంసం కింద లెక్కేయని వాళ్లు ఉంటారు. ‘సిన్ హామోన్, సిన్ వేవో’, అంటే హామ్ లేకుండా, గుడ్డు లేకుండా అని విడిగా చెప్పాలి. తెలియని ఊళ్లో ఆ మాత్రం తెలుసుకుని వెళ్లాలి.

లెక్కలమాస్టారు:
నీళ్ల సీసాలకి కట్టారా? 2022 చట్టం ప్రకారం స్పెయిన్ రెస్టారెంట్లు కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలి.

పుత్తూరు అమ్మాయి:
డల్లాస్‌లో మా టీమ్ డిన్నర్‌లో నాకూ ఇదే జరిగింది. పన్నెండుమంది, తినగలిగింది ఒక్క సలాడ్, కట్టింది 45 డాలర్లు. అడిగితే పిసినారి అంటారని నోరు మూసుకున్నా. ఇప్పుడు కూర్చోకముందే నాది విడి బిల్లు అని చెప్పేస్తా.

మాడ్రిడ్‌వాసి:
నలుగురు కలిసి తిన్నాక ముద్దలు లెక్కపెట్టుకోవడం ఏమిటండీ? పెళ్లికి వెళ్తే తిన్నదాన్ని బట్టి చదివింపులు రాయిస్తామా?

గోదారిగట్టు:
పెళ్లిలో శాకాహారులకి వేరే బంతి వేస్తారు సార్. దగ్గరుండి ఇంకొంచెం వడ్డించమంటారా అని అడుగుతారు.

విశాఖతీరం:
ఆర్డర్ ఇచ్చింది నేనే. పేరు రాయకపోయినా ఆ రోజు వచ్చినవాళ్లందరికీ తెలుసు. ఆంటీని రెండుసార్లు అడిగాను, ‘పర్లేదు బాబూ’ అన్నారు. ఆవిడ కోసమే బంగాళదుంప వేపుడు చెప్పాను, పటాటాస్ బ్రావాస్. ఆవిడ ముట్టలేదు. 76 యూరోలు ఎక్కువ అనిపిస్తే నాకు ఫోన్ చెయ్యాల్సింది, అన్నా. ఇక్కడ నలుగురిలో పెట్టడం బాలేదు.

గోదారిగట్టు:
ఎందుకు ముట్టలేదో చూశావా? హామ్ తిన్న ఫోర్కులతోనే అందరూ ఆ దుంపల్లో గుచ్చారు. అరవై ఎనిమిదేళ్లుగా ఎంగిలి పాటించిన మనిషి. అమ్మకి ముందే వేరే ప్లేట్లో తీసి పెడదాం అన్నాను. ‘ఇక్కడ అవన్నీ కుదరవు, అడ్జస్ట్ అవ్వాలి’ అన్నావు. అందరూ నవ్వారు. అమ్మకి ఇంగ్లీషు రాకపోవచ్చు, ఆ మాట తెలుగులోనే అన్నావు. రూముకి వచ్చాక సంచిలో ఉన్న జంతికలు తిని పడుకుంది. బిల్లు సంగతి నేను ఎందుకు ఎత్తానో నాకే ఇప్పుడు తెలుస్తోంది.

మాడ్రిడ్‌వాసి:
ఎంగిలి పట్టింపు ఉన్నవాళ్లని తపాస్‌కి తీసుకెళ్లడమే పొరపాటు. పంచుకు తినడమే ఇక్కడి పద్ధతి.

పుత్తూరు అమ్మాయి:
పంచుకోవడానికీ ఎంగిలికీ సంబంధం ఏముందండీ? ఇంకో స్పూను అడిగితే ఇవ్వరా? మా అమ్మమ్మ పదిమందికి ఆవకాయ అన్నం కలిపి పెట్టేది, ఒక్కరి ఎంగిలీ ఇంకొకరికి తగిలేది కాదు.

విశాఖతీరం:
అన్నాను, నిజమే. రిజర్వేషన్ టెన్షన్‌లో, బిల్లు ఎంతవుతుందో అన్న టెన్షన్‌లో అనేశాను. ఆంటీ విన్నారని అనుకోలేదు. తొమ్మిదిమంది బాధ్యత నా నెత్తిన వేసి, ఒక్కరూ మెనూ కూడా చూడలేదు, అన్నా. నువ్వూ చూడలేదు.

గోదారిగట్టు:
చూడలేదు. లేచి వెళ్లి ఇంకో ప్లేటు నేనే తేవాల్సింది. అది ఒప్పుకుంటా. నవ్వింది మాత్రం మర్చిపోలేను.

లెక్కలమాస్టారు:
బిల్లు ఫోటో ఉంటే పెట్టండి.

విశాఖతీరం:
ఆంటీ ఎప్పటిదాకా ఉంటారు?

గోదారిగట్టు:
గురువారం దాకా. ఇంటికి వచ్చే ముందు అమ్మకి ఫోన్ చెయ్యి, నాకు కాదు.