తూసాం లూవెర్చూర్ విమోచకుడా, కొత్త దొరా?

పల్లెబాట:
కరీబియన్‌లో అప్పట్లో ఫ్రాన్స్ వలసగా ఉన్న హైతీలో జరిగిన బానిసల విప్లవం మాట వస్తే చాలు, తూసాంను దేవుణ్ణి చేస్తారు. బానిసగా పుట్టి సేనాధిపతి అయ్యాడు, కాదనను. 1791లో తిరగబడ్డ బానిసలకు 1794లో ఫ్రాన్స్ విముక్తి ప్రకటించింది. మరి 1800 అక్టోబరులో ఈయన ఏం చేశాడు? తోటలు వదిలి వెళ్ళినవాళ్ళను సైనికులతో పట్టించి పాత తోటలకే తోలించాడు. మరుసటి ఏడాది జీవితకాలపు గవర్నరుగా తన పేరే రాజ్యాంగంలో రాయించుకున్నాడు. విమోచకుడని ఎలా అంటాం?

కాలవగట్టు:
అదే రాజ్యాంగంలో మూడో అధికరణం చదివారా? ఈ గడ్డ మీద బానిసలు ఉండరు, బానిసత్వం శాశ్వతంగా రద్దు అని ఉంది. తోట కూలీని ఎవరూ అమ్మడానికి లేదు. పైగా పంటలో నాలుగో వంతు కూలీలదే. పదేళ్ళ యుద్ధంలో చెరుకు తోటలు తగలబడిపోయాయి. చక్కెర, కాఫీ అమ్మితేనే తుపాకులు వస్తాయి. ఫ్రాన్స్ దండెత్తితే దేనితో కొట్లాడతారు?

చుక్కలరేడు:
దండెత్తింది కూడా. 1802 మొదట్లోనే నెపోలియన్ చెల్లెలి భర్త లెక్లేర్ సైన్యంతో దిగాడు.

పల్లెబాట:
మూడోది చదివినవారు పదిహేడోది కూడా చదవాలి. తోట పనికి బయటినుంచి మనుషులను రప్పించుకోవచ్చని ఉంది. ఇక 'అమ్మడానికి లేదు' అన్నారు. మా తాతను కూడా ఎవరూ అమ్మలేదండీ. అప్పు తీరేదాకా దొర దగ్గర జీతానికి ఉన్నాడు. పారిపోతే పట్టుకొచ్చి కట్టేశారు. ఆ మాట మా ఇంట్లో అని చూడండి.

కాలవగట్టు:
మీ తాతగారికి జరిగింది అన్యాయమే. కానీ ఆయనకు పంటలో వాటా లేదు, వీళ్ళకు ఉంది. నాలుగో వంతు గురించి చెప్పండి.

పల్లెబాట:
తూకం వేసేది ఎవరు? లెక్క రాసేది ఎవరు?

కాలవగట్టు:
నాలుగో వంతు ఉందా లేదా?

నిమ్మచెట్టు:
అన్నా, ఆ వాటా దగ్గరే ఎంతసేపు ఉంటారు? మోయిజ్ సంగతి ఏమిటి? కూలీల పక్షాన నిలిచాడని పేరున్న సేనాని, తూసాం మేనల్లుడిగా చూసుకున్న మనిషి. అతన్నే తూసాం 1801లో కాల్చి చంపించాడు.

కాలవగట్టు:
మోయిజ్ పేరు చెప్పుకుని జరిగిన తిరుగుబాటులో వందలమంది తెల్లవాళ్ళు చచ్చారు. ఊరుకోవాలా? కడుపు నిండినవాళ్ళకు తిరుగుబాట్లు ముచ్చటగానే ఉంటాయి. మా నాన్న పనిచేసిన మిల్లులో ఏడాది పైన సమ్మె జరిగింది. మాదే న్యాయం. చివరికి మిల్లే మూతపడింది. నేను పదో తరగతిలో చదువు మానేసి మెకానిక్ షెడ్డులో చేరాను. న్యాయం ఉంటే సరిపోదు, పొయ్యి వెలగాలి. తూసాం భయం అదే.

పల్లెబాట:
కడుపు నిండినవాడినని నన్ను అనడం తప్పు. మీ కష్టాన్ని మాత్రం తీసిపారేయను. అయితే ఇన్ని పోస్టుల్లో నేను చెప్పలేకపోయింది ఇది: ఆ కూలీలు అడిగింది వాటా కాదు, సొంతానికి చిన్న ముక్క నేల. 1801 ఫిబ్రవరిలో తూసాం 50 కారోలకు, అంటే సుమారు 160 ఎకరాలకు తక్కువైన భూమి అమ్మకూడదని ఆర్డరు వేశాడు. కూలీ రైతు కాకుండా తలుపు మూసేశాడు.

కాలవగట్టు:
ముక్కలు చేస్తే ఎవరి తిండి వాళ్ళు పండించుకుంటారు. ఎగుమతి ఉండదు, సైన్యం ఉండదు.

పల్లెబాట:
సైన్యం ఉండి ఏం చేసింది? 1802 వేసవి నాటికి సేనానులందరూ లొంగిపోయారు. తూసాంను జూన్‌లో పట్టుకుని ఓడ ఎక్కించారు. ఆయన సేనానులు దెసలీన్, క్రిస్తోఫ్ ఫ్రెంచివాళ్ళ కొలువులో ఉన్నారు. మరో ఫ్రెంచి దీవి గ్వాదలూప్‌లో మళ్ళీ బానిసత్వం తెచ్చారన్న వార్త వచ్చాక కొండల్లో పోరు ఇంకా రాజుకుంది. నడిపింది కూలీలు. సేనానులు అక్టోబరులో గానీ తిరిగి తిరుగుబాటు వైపు రాలేదు. తూసాం నమ్మనిది ఆ కూలీలనే.

కాలవగట్టు:
ఆ కూలీల్లో చాలామంది తుపాకి పట్టడం నేర్చింది ఆయన సైన్యంలోనే. భూమి విషయంలో తప్పు చేశాడు, ఒప్పుకుంటాను. కానీ 1803 ఏప్రిల్‌లో, ఫ్రాన్స్ కొండల్లో ఆ చలికోటలో, ఒంటరిగా ఖైదీగా చనిపోయిన మనిషిని దొర అనకండి. ఆ ఒక్క మాట తీసేయండి.