కోతి కనపడితే మా మణికి ఇంకేం వినపడదు. కొట్టకుండా నేర్పే దారి ఉందా?

ప్రశ్న: మణి వాళ్ళ అన్న, తిరుపతి

అందరికీ నమస్కారం. మాది కపిలతీర్థం రోడ్డు పక్కన ఒక సందు. ఇంట్లో ఆడ నాటు కుక్క ఉంది, పేరు మణి, వయసు సుమారు పది నెలలు. చిన్నపిల్లగా ఉన్నప్పుడు వానకు తడిసి మా మెట్ల కింద దూరింది. అమ్మ పాలు పోసింది. అప్పట్నుంచి మాతోనే ఉంది.

ఇంట్లో దీనంత బుద్ధిమంతురాలు లేదు. కూర్చో అంటే కూర్చుంటుంది. గిన్నె ముందు పెట్టి ఆగు అంటే, నేను తినమనేదాకా మూతి పెట్టదు. గేటు దాటితే మాత్రం నా గొంతు కూడా గుర్తుపట్టదు. మా సందు మొదట్లో చెత్తకుండీ, దాని చుట్టూ వీధి కుక్కలు, గోడల మీద కోతులు, తీర్థానికి వచ్చే జనం, ఆటోల హారన్లు. కోతి కనపడిందంటే వెనక కాళ్ళ మీద లేచి అరుస్తుంది. మెడ బెల్టు బిగిసి దగ్గు వస్తున్నా లాగుతూనే ఉంటుంది. జేబులో బిస్కెట్లు పెట్టుకుని పోయి చూశాను. నోట్లో పెట్టినా ఉమ్మేసింది.

అసలు టెన్షన్ అమ్మ గురించి. నాది షిఫ్ట్ డ్యూటీ, పొద్దునపూట అమ్మే తీసుకుపోతుంది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. మొన్న మణి ఒక్కసారిగా లాగేసరికి ఆటో ముందు పడబోయింది. అప్పట్నుంచి మా మామ ‘దాన్ని ఎక్కడైనా వదిలేసి రండి’ అంటున్నాడు. ఆ మాటకు అమ్మ రెండు పూటలు అన్నం తినలేదు.

తెలిసినవాళ్ళు చెబితే ఒక ట్రైనర్‌ను పిలిపించాం. వచ్చీ రాగానే లోపలివైపు ముళ్ళున్న గొలుసు మెడకు వేసి గట్టిగా గుంజాడు. మణి కీచుమని కేకేసి, నేలకు అతుక్కుపోయి అక్కడే ఒంటేలు పోసుకుంది. అతన్ని పంపించేశాను. ఆ పద్ధతి నాకొద్దు. ప్రేమగా నేర్పి ఫలితం చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.


జవాబు: రేణిగుంట రైతు

తమ్ముడూ, నాటు కుక్కకు ట్రైనింగులు ఎందుకు? మా తోటలో ఎప్పుడూ కుక్కలు ఉన్నాయి. చిన్నప్పుడే రెండు తగిలిస్తే జీవితాంతం గుర్తుంటుంది. మీ అమ్మగారు పడితే ఎముక విరుగుతుంది, అది ముందు ఆలోచించు. కుక్క మీద ప్రేమ లేక చెప్పడం లేదు. మావి కూడా మా చేతి అన్నమే తింటాయి.


జవాబు: కట్టమంచి టీచరమ్మ, చిత్తూరు

నాయనా, నువ్వు రాసినదాంట్లో నేను పట్టుకున్న ముక్క ఒకటుంది. బిస్కెట్ నోట్లో పెట్టినా ఉమ్మేసింది అన్నావు. ఇంట్లో అదే బిస్కెట్‌కు ఎగిరి గంతేస్తుంది కదా. ఉద్రేకం ఒక హద్దు దాటాక కుక్కకు తిండి రుచించదు, మాట చెవికెక్కదు. ఆ స్థితిలో ‘కూర్చో కూర్చో’ అని అరిస్తే మన గొంతు కూడా ఆ గోలలో కలిసిపోతుంది. దాన్ని మొండితనం అనుకోవద్దు. వినలేని చోట నిలబెట్టి వినమంటున్నాం, అంతే. అందుకే ముందు మార్చాల్సింది దూరం.

మాది రాజపాళయం కుక్క. కళ్ళతో చూసి వేటాడే జాతి, పారిపోయేది ఏది కనపడినా తరమాలనే పుట్టింది. కట్టమంచి చెరువు గట్టున మేకలు మేస్తాయి. మొదట్లో దాన్ని గట్టు దరిదాపులకే తీసుకుపోలేదు. మేకలు చీమల్లా కనపడేంత దూరంలో, రోడ్డుకు ఇవతల నిలబడేదాన్ని. అక్కడ్నుంచి అది వాటినే చూసేది, ఒళ్ళు బిగబట్టేది. అయినా పేరు పిలిస్తే ఒక చెవి నా వైపు తిరిగేది. నీకు కావలసిన కొలత ఆ చెవే. చెవి తిరిగిందంటే అక్కడ పాఠం చెప్పొచ్చు. తిరగలేదంటే ఇంకా వెనక్కి పోవాలి.

మీ సందు మొదలు మణికి ఇప్పుడే పనికిరాదు. మిద్దె మీద మొదలుపెట్టు. తర్వాత మీ గేటు లోపల, తర్వాత జనం లేని లేఅవుట్ ఏదైనా చూసుకో. యూనివర్సిటీ వైపు ఖాళీగా ఉంటుందని చీకటితో మాత్రం పోవద్దు. ఆ ప్రాంతంలో చిరుతలు తిరిగినట్టు ఎన్నోసార్లు వార్తలొచ్చాయి.

ఇంట్లోనే ముందు ఒక మాట అలవాటు చెయ్యి. నాది ‘భేష్’. ఊరికే భేష్ అని వెంటనే ఒక ముక్క తినిపించు. అలా చేస్తూ పోతే, ఆ మాట వినగానే తిండి వస్తోందని మెడ తిప్పి చూస్తుంది. అప్పుడు ఆ మాట నీ చేతికి పనిముట్టుగా వచ్చినట్టు. కుక్క మంచి పని చేసిన క్షణంలోనే అనాలి. రెండు మూడు సెకన్లు ఆలస్యమైతే అది అప్పటికి వేరే పనిలో ఉంటుంది, ఆ వేరే పనికి బహుమతి ఇచ్చినట్టవుతుంది. ముక్కలు శనగబద్దంత చాలు. బయటికి పోయేటప్పుడు బిస్కెట్లు మానెయ్యి. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, కొంచెం కార్జం, లేదా గుడ్డు తీసుకుపో. కోతితో పోటీ పడాలంటే పొడి బిస్కెట్ ఎలా సరిపోతుంది? ఎముక మాత్రం ఒక్కటీ ఉండకూడదు. ఉడికిన కోడి ఎముక చీలికలై గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటుంది.

ఇక కోతి సంగతి. దూరాన కోతిని చూసింది, ఇంకా అరవలేదు. ఆ క్షణంలో భేష్ అను. చాలామంది ఇక్కడ ఆశ్చర్యపోతారు, ‘కోతిని చూసినందుకు మెచ్చుకోవడమా’ అని. అవును, అరవకుండా చూసినందుకు. తిండి నీ మోకాలి దగ్గర ఇవ్వు, అప్పుడు తల ఇటు తిప్పక తప్పదు. కొన్నాళ్ళకు కోతి కనపడగానే మణే ‘చూశాను, నా ముక్క ఏది?’ అన్నట్టు నీ ముఖంలోకి చూస్తుంది. అప్పుడు నాలుగు అడుగులు దగ్గరికి జరుగు. అరిచిందంటే తొందరపడ్డావని లెక్క, తిట్టకుండా వెనక్కి నడువు.

లాగడానికి వేరే చెప్పాలి. కుక్క లాగేది ముందుకు పోవడానికి. లాగినప్పుడల్లా మనం వెంట నడిస్తే లాగడం పనిచేస్తోందని నేర్పుతున్నట్టే. తాడు బిగిసిందా, చెట్టులా నిలబడిపో. వదులైందా, భేష్ అని నడువు. వాసన చూడాలని ఉందా, నాలుగడుగులు వదులు తాడుతో నడిచాక ‘పో, చూసుకో’ అని స్తంభం దగ్గరికి వదులు. డేవిడ్ ప్రీమాక్ అనే అమెరికా సైకాలజిస్ట్ చెప్పిన సూత్రం ఇదే: ఎక్కువ ఇష్టమైన పనిని తక్కువ ఇష్టమైన పనికి బహుమతిగా వాడొచ్చు. మా క్లాసు పిల్లలకు కూడా లెక్కలయ్యాక ఆటల పీరియడ్ పెట్టేదాన్ని. వాసన చూసే సమయం తగ్గించొద్దు. ముక్కుతో తిరగడం కుక్కకు కావలసిన పని, అది తీరితే సాయంత్రం ఇంట్లో నిమ్మళంగా పడుకుంటుంది.

మీ అమ్మ గురించి. మెడ బెల్టు తీసేసి, ఛాతీ దగ్గర కొక్కెం ఉండే బాడీ బెల్ట్ కొను. లాగితే కుక్క పక్కకు తిరుగుతుంది, గొంతు నొక్కుకోదు. తాడు చేతికి చుట్టుకోవద్దని ఆమెకు గట్టిగా చెప్పు. మణి కొంచెం దారికి వచ్చేదాకా పొద్దున షికారు మాన్పించి, మిద్దె మీద తిండి ముక్కలు విసిరి వెతికించమను. షికారు లేకపోతే కుక్క చెడిపోదు, ఆమె పడితే ఇంటిల్లిపాదీ కష్టపడాలి.

రేణిగుంట అన్నగారూ, మీరు పెద్దావిడ ఎముకల గురించి చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. కొట్టడం దగ్గర మాత్రం ఒప్పుకోలేను. కోతి కనపడినప్పుడల్లా మెడకు నొప్పి తగిలితే, ఆ నొప్పి కోతి వల్లే వచ్చిందని కుక్క లెక్కేసుకోవచ్చు. రేపు కోతి బదులు పిల్లవాడు ఎదురైతే? పైగా అరిస్తే నొప్పి అని నేర్చుకున్న కుక్క అరవకుండానే కరవొచ్చు. 2020లో పోర్చుగల్ పరిశోధకులు 92 పెంపుడు కుక్కల్ని పరిశీలించారు. గుంజడం, గద్దించడం మీద ఎక్కువగా ఆధారపడే స్కూళ్ళలోని కుక్కల్లో బెదురు లక్షణాలు ఎక్కువ కనపడ్డాయి, శిక్షణ తర్వాత లాలాజలంలో ఒత్తిడి హార్మోన్ కూడా ఎక్కువ పెరిగింది. మణి ఒంటేలు పోసుకుందంటే అది లొంగడం అనుకోవద్దు. హడలిపోయింది.


జవాబు: తిరుపతి వెటర్నరీ విద్యార్థి

టీచరమ్మగారు శిక్షణ గురించి చెప్పేశారు, నేను వైద్యం వైపు నుంచి కొన్ని కలుపుతాను. పది నెలలంటే కుక్కకు టీనేజ్. 2020లో ఇంగ్లండ్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఎనిమిది నెలల వయసు కుక్కలు పెంచినవాళ్ళు కూర్చోమంటే తక్కువగా విని, కొత్తవాళ్ళు చెబితే బాగా విన్నాయి. ఆ దశ దాటాక మళ్ళీ మెరుగయ్యాయి. కాబట్టి ఇది శాశ్వతం అనుకుని మీ మామగారి మాట వినొద్దు అన్నా.

ఒకసారి మన వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో చూపించండి. చెవి నొప్పి, చర్మం దురద, కీళ్ళ నొప్పి ఉన్న కుక్క త్వరగా రెచ్చిపోతుంది. రేబిస్ టీకా తేదీ చూసుకోండి, కోతులున్న చోట ఇది తప్పనిసరి. మీకో అమ్మగారికో కోతి గానీ కుక్క గానీ కరిస్తే, గీరినా సరే, సబ్బుతో, పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఎండాకాలం నడిపించేముందు అరచేతి వెనక భాగం తారు మీద ఐదు సెకన్లు పెట్టండి. మీరు ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. ఇంకొకటి, మన ఊళ్ళో ప్రతి ఇంట్లో జరిగేది: లడ్డు ప్రసాదం కుక్కకు పెట్టడం. అందులో కిస్మిస్ ఉంటుంది, ద్రాక్ష జాతి ఏదైనా కుక్క మూత్రపిండాల్ని దెబ్బతీయగలదు. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ కూడా వద్దు. భక్తితో పెట్టేవాళ్ళకు చెప్పడం కష్టమే, అయినా చెప్పండి.


మణి వాళ్ళ అన్న

కొన్ని వారాల తర్వాత రాస్తున్నాను. టీచరమ్మా, మీకు దండాలు. మిద్దె మీద నుంచి కోతిని చూసి మణి నా వైపు తిరిగిన మొదటిరోజు అమ్మను కేకేసి పైకి పిలిచాను. ఇప్పుడు గేటు దగ్గర కూడా చాలాసార్లు తిరుగుతోంది. చెత్తకుండీ కుక్కల దగ్గర ఇంకా కుదరలేదు. బాడీ బెల్ట్ తెచ్చాం, దగ్గు పోయింది. చెవిలో ఇన్‌ఫెక్షన్ ఉందన్నారు, మందు వేస్తున్నాం.

రెండు సందేహాలు. అమ్మ నోటికి భేష్ రావడం లేదు, ‘నా తల్లే’ అంటుంది. ఫర్వాలేదా? రెండోది, నిన్న గేటు తెరిచి ఉంటే బయటికి ఉరికింది. రా రా అని ఎంత పిలిచినా రాలేదు. దొరికాక అమ్మ కొట్టబోతే ఆపాను.


రేణిగుంట రైతు

తమ్ముడూ, చెవి సంగతి చదివి మా కుక్క చెవులు కూడా చూశాను. ఒకదానికి చీము కారుతోంది, దగ్గరికి పోతే గుర్రుమనేది అందుకే కాబోలు. రేపు డాక్టర్‌కు చూపిస్తాను. టీచరమ్మా, ఆ మేకల పద్ధతి మా తోటలో కూడా పనికొస్తుందా? మావి కోళ్ళ వెంట పడతాయి.


కట్టమంచి టీచరమ్మ

అన్నగారూ, పనికొస్తుంది. కాకపోతే నేర్పేదాకా కోళ్ళను కంచె లోపల పెట్టండి. తరమడమే కుక్కకు పెద్ద బహుమతి, ఒక్కసారి దొరికినా మీ మాంసం ముక్క దాని ముందు తేలిపోతుంది. కంచెకు బాగా దూరంలో, తాడు పట్టుకుని మొదలుపెట్టండి.

నాయనా, ‘నా తల్లే’ బ్రహ్మాండంగా ఉంది. అమ్మ ఎప్పుడూ అదే అనాలి, అన్న వెంటనే ముక్క ఇవ్వాలి. ఊరికే ముద్దుచేసేటప్పుడు మాత్రం వేరే మాట వాడమను.

పారిపోయి దొరికిన కుక్కను కొట్టనివ్వకపోవడం మంచిపని. దొరికితే దెబ్బలని తెలిస్తే రేపు ఇంకా దూరం ఉరుకుతుంది. ఎంత ఆలస్యంగా వచ్చినా ముక్క పెట్టే లోపలికి తీసుకురావాలి. ‘రా’ అనే మాటను కొన్నాళ్ళు స్నానానికి, చెవి మందుకు, గదిలో పెట్టి తలుపు వెయ్యడానికి వాడొద్దు. వాటికి నువ్వే దాని దగ్గరికి పో. ఇంట్లో ఒక గది నుంచి ఇంకో గదికి పిలువు, వచ్చిన ప్రతిసారీ కోడిమాంసం ఇచ్చి మళ్ళీ ఆడుకోవడానికి వదిలెయ్యి. తర్వాత బాడీ బెల్ట్‌కు పొడుగు తాడు కట్టి ఖాళీ స్థలంలో అదే చెయ్యి. అది తరుముతున్నప్పుడు పిలవొద్దు, వినదని తెలిసినప్పుడు పిలిస్తే ఆ పిలుపు విలువ తగ్గుతుంది. అలాంటప్పుడు నువ్వు ఇటువైపు పరుగెత్తు, చాలా కుక్కలు వెంటపడి వస్తాయి.

చెత్తకుండీ దగ్గరికి ఇప్పుడే పోవద్దు. మే నెలలో గంగజాతర వస్తుంది, డప్పులు మోగుతాయి. ఆ వారం పాఠాలు ఆపి, లోపలి గదిలో ఫ్యాన్ వేసి పెట్టు. గేటుకు మాత్రం ఈరోజే గొళ్ళెం వేయించు.