గాంధీ కొండకి అమ్మని, పాపని తీసుకెళ్ళాలి, తెలిసినవాళ్ళు చెప్పండి

మాది గుంటూరు. అమ్మ పుట్టిల్లు బెజవాడ తారాపేట. తాతయ్య రైల్వేలో చేసి రిటైరయ్యారు. వేసవి సెలవులకి వెళ్తే ఒక్క సాయంత్రమైనా ఆయనతో గాంధీ కొండ ఎక్కాల్సిందే. పైన కొండ చుట్టూ తిరిగే బొమ్మ రైలు ఎక్కించేవారు. దిగాక పిట్టగోడ దగ్గర నిలబెట్టి, కింద స్టేషన్లో కూత వినపడగానే నా కళ్ళు మూసి, "చెప్పు, గూడ్సా, పాసింజరా?" అనేవారు. తప్పు చెప్పినా చేతిలో నిమ్మతొన పెట్టేవారు. ఆయన పోయి పదకొండేళ్ళయింది.

మా పాపకి ఏడేళ్ళు, రైళ్ళంటే ప్రాణం. దసరా సెలవుల్లో అమ్మని, దాన్ని తీసుకెళ్దామని ఉంది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఎప్పుడు వెళ్తే బావుంటుంది? ‘గాంధీ తాత స్తంభం కొండ మీదెందుకు’ అని పాప అడుగుతోంది. తాతయ్య చెప్పిందాంట్లో నాకు సగమే గుర్తుంది.

జవాబు 1:

అమ్మా, నేను 1962లో పుట్టాను, మాది కొత్తపేట. ఆ స్తూపం ఆవిష్కరించిన రోజు, 1968 అక్టోబరు 6, ఆదివారం, మా నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్ళారు. ఆవిష్కరించింది అప్పటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ గారు. జనంలో ఆయన నాకు కనపడనే లేదు. నాన్న తలకి చుట్టుకున్న తువ్వాలు చెమటకి తడిసి నా అరచేతులకి అంటుకోవడం మాత్రం ఇప్పటికీ గుర్తే. ఆ మరుసటి ఏడే గాంధీ గారి శతజయంతి. అంతకుముందు ఆ కొండని ఓర్ హిల్ అనేవారు, మా నాయనమ్మ చివరిదాకా ‘ఓరు కొండ’ అనే అంది.

పాపకి ఇంకొంచెం వెనక నుంచి చెప్పండి. 1921లో కాంగ్రెస్ సభలకి గాంధీ గారు బెజవాడ వచ్చినప్పుడే పింగళి వెంకయ్య గారు ఆయనకి జెండా చూపించారు. అంతటి ఊరు ఆయన్ని నడి నెత్తిన పెట్టుకుంది. స్తూపం 52 అడుగులు. కింద నిలబడి తల పైకెత్తమనండి, అప్పుడు తెలుస్తుంది దానికి.

జవాబు 2:

అక్కా, దసరా తొమ్మిది రోజులూ వద్దు. అమ్మవారి దర్శనానికొచ్చే జనంతో స్టేషన్ దగ్గర అడుగు తీసి అడుగు వెయ్యలేరు, మూలా నక్షత్రం రోజైతే మరీను. పండగయ్యాక ఒక నాలుగు రోజులు ఆగండి. మధ్యాహ్నం అసలు వెళ్ళద్దు, బెజవాడ కొండ రాయి అక్టోబరులో కూడా కాలుతుంది. కొండ మీది ప్లానెటేరియం, బొమ్మ రైలు సంగతి కింద కనుక్కున్నాకే పాపకి చెప్పండి. మా బాబుకి ముందే మాటిచ్చేశాను, ఆ రోజు రైలు తియ్యలేదు, ఇంటికొచ్చేదాకా ఏడుపే. అమ్మగారు ఎక్కలేకపోతే బస్టాండు దగ్గర రాజీవ్ గాంధీ పార్కు ఉంది, అంతా చదునే.

అడిగినవారు:

బాబాయి గారూ, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించాను. ‘ఓరు కొండ’ అనగానే ఆగమంది. తాతయ్యా అలాగే అనేవారట, నాకు తెలియనే తెలియదు. పండగయ్యాక పొద్దున్న బండికి బయల్దేరుతాం. నిమ్మతొనలు కొని ఉంచాను.