రొకోకో (18వ శతాబ్దపు యూరప్ అలంకార శైలి) నాటి చెక్క విగ్రహం: బంగారు పూత లేస్తోంది, ఎలా శుభ్రం చేయాలి?

ప్రశ్న: మ్యూనిక్‌లో ఉంటున్నాం. రెండడుగుల సెయింట్ జాన్ నెపోముక్ (క్రైస్తవ పునీతుడు) విగ్రహం, 18వ శతాబ్దపు బవేరియా (దక్షిణ జర్మనీ ప్రాంతం) పని అని చెప్పి ఇచ్చారు. అంగీ అంచున బంగారు పూత పొక్కులుగా లేస్తోంది, పీఠం కింద సన్నని పొడి రాలుతోంది. తడిగుడ్డతో తుడవొచ్చా?

జవాబు 1: తడి అస్సలు తగలనివ్వకండి. లిండెన్ అనే మెత్తని కలప మీద వజ్జరం (జంతువుల జిగురు) కలిపిన సుద్దపూత ఉంటుంది, దానిపైన ఎర్రమన్ను, ఆపైన బంగారు రేకు. రేకును అగేట్ రాయితో రుద్ది మెరుగు పెడతారు. కింద పొరలన్నీ నీటికి కరిగేవే, కాబట్టి తడిగుడ్డ రేకుతో పాటు ఎర్రమన్నునూ లాక్కొస్తుంది. చలికాలంలో హీటర్ వేస్తే గాలి ఎండిపోయి కలప కుంచించుకుంటుంది. సుద్దపూత దానితో పాటు కుంచించుకోలేక పైకి పొంగుతుంది. మీ పొక్కులకు కారణం చాలావరకు ఇదే. విగ్రహాన్ని హీటర్‌కు, కిటికీ ఎండకు దూరంగా పెట్టి, గదిలో తేమ 45–55 శాతం మధ్య నిలకడగా ఉంచండి.

దుమ్ముకు మెత్తని మేకవెంట్రుకల బ్రష్ చాలు. వాక్యూమ్ గొట్టానికి పల్చని గుడ్డ కట్టి, తక్కువ వేగంలో, కాస్త దూరంగా పట్టుకుని, బ్రష్‌తో దుమ్మును అటువైపు తోయండి. పొక్కులున్న చోటు ముట్టుకోవద్దు. ఊడిన పెచ్చులు చిన్న డబ్బాలో దాచి, ఏది ఎక్కడిదో రాసిపెట్టండి. పెచ్చులను స్టర్జన్ చేప జిగురుతో అతికించడం కన్జర్వేటర్ (పాత కళావస్తువులను కాపాడే నిపుణుడు) చేయాల్సిన పని.

ప్రశ్న: మరి స్పిరిట్?

జవాబు 2: అదీ వద్దు. ఆ కాలంలో వెండి రేకు మీద ఎర్ర, ఆకుపచ్చ లాకర్లు (పారదర్శకమైన రంగు వార్నిష్‌లు) పూసి లోహపు మెరుపుతో రంగు తెప్పించేవారు. స్పిరిట్ తగిలితే లాకర్ పోయి, వెండి నల్లబడుతుంది. అవిసె నూనె కూడా పూయకండి, ఏళ్లు గడిచేకొద్దీ నల్లబడి పోనంటుంది.

పొడి సంగతి: పీఠం కింద నల్లకాగితం పరవండి. 1–2 మి.మీ. రంధ్రాల నుంచి లేతరంగు పొడి కొత్తగా పడుతుంటే కలప తొలిచే పురుగు బతికే ఉన్నట్టు అనుమానించాలి. కానీ కదిపినప్పుడు పాత సొరంగాల పొడి కూడా రాలుతుంది, అందుకే కదపకుండా కొన్ని వారాలు చూడాలి. పురుగును చంపడానికి కన్జర్వేటర్లు విగ్రహాన్ని గాలి చొరని సంచిలో పెట్టి, నైట్రోజన్ నింపి, ఆక్సిజన్ లేకుండా కొన్ని వారాలు ఉంచుతారు. రంధ్రాల్లోకి కిరోసిన్ ఎక్కిస్తే సుద్దపూతకు మరక పట్టి శాశ్వతంగా ఉండిపోతుంది.

జవాబు 1: కాలం గురించి ఒక మాట. నెపోముక్‌కు 1729లో పునీత హోదా దక్కింది, ఆపైన బవేరియాలో ఆయన విగ్రహాలు విరివిగా వచ్చాయి. కాబట్టి అంశం సరిపోతుంది, కానీ అదొక్కటే రుజువు కాదు. వెనక్కి తిప్పి చూడండి: పగుళ్లు రాకుండా లోపల తొలిచి, ఉలి గాట్లు కనిపిస్తే పాతదనడానికి మంచి సూచన. గుండ్రటి రంపపు గీతలుంటే తర్వాతి కాలపు పని. పైరంగులో టైటానియం తెలుపు దొరికితే ఆ పొర 20వ శతాబ్దానిది, విగ్రహం మాత్రం పాతదే కావచ్చు. పోలిక కోసం మ్యూనిక్‌లోని బవేరియన్ నేషనల్ మ్యూజియంలో 18వ శతాబ్దపు బవేరియా శిల్పి ఇగ్నాజ్ గుంథర్ శిల్పాలు చూడండి. బట్టల మడతల అంచులు ఎంత పదునుగా తేలతాయో, పూత ఎంత పల్చగా ఉంటుందో అక్కడ తెలుస్తుంది. మీ విగ్రహం మడతల్లో రంగు మందంగా పేరుకుని ఉంటే తర్వాత ఎవరో పూసిన పొర కావచ్చు. దాన్ని మీరే గీకి చూడకండి, కింద ఉన్న అసలు పొర కూడా పోతుంది.