మావయ్యగారి చెవి మిషన్లు బీరువాలో పడున్నాయి: బెంగళూరులో మంచి ఆడియాలజిస్టుని (వినికిడి నిపుణుణ్ణి) ఎలా పట్టుకోవాలి?

మారతహళ్లి కోడలు: నమస్కారమండీ. మా మావయ్యగారికి 74 ఏళ్లు. ఒంగోలు నుంచి మా దగ్గరికొచ్చి రెండేళ్లయింది. పోయినేడు ఇక్కడే ఒక షాపులో ఆఫరుందంటే రెండు చెవులకీ కలిపి లక్షా పదివేలు పెట్టాం. అరగంటలో టెస్టు, ఇంకో అరగంటలో మిషన్లు చేతిలో. ఇప్పుడవి పాత కళ్లజోడు డబ్బాలో, బీరువాలో. పెట్టుకుంటే గిన్నెల చప్పుడు తలలో మోగుతోందట, మేం మాట్లాడేది మాత్రం అర్థం కావట్లేదట. మళ్లీ ఇంకో చోట డబ్బు పోయాలంటే భయంగా ఉంది.

కల్యాణ్‌నగర్ బాబాయ్: అమ్మా, నేనూ పదకొండేళ్లుగా పెట్టుకుంటున్నవాణ్ణే. ఇప్పుడప్పుడే కొత్తవి కొనకండి. ముందు ఈఎన్‌టీ డాక్టరు చేత చెవులు చూపించండి, గులిమి గడ్డకట్టి ఉంటే ఎంత ఖరీదైన మిషనయినా దండగే.

ఆయనకి వినపడక కాదు, స్పష్టంగా వినపడక ఇబ్బంది. వయసుతో ముందు పోయేది సన్నటి శబ్దాలు. అ, ఆ, ఊ లాంటివి వినిపిస్తాయి. క, త, ప, స దగ్గర తడబాటు. 'పాలు' అంటే 'కాలు' అనుకుంటారు. అలాంటి చెవికి అన్ని శబ్దాలనీ ఒకేలా పెంచేస్తే గిన్నెలే మోగుతాయి. ఏ శబ్దాన్ని ఎంత పెంచాలో ఆడియోగ్రామ్ (ఏ శబ్దం ఎంత వినపడుతోందో చూపే టెస్టు గ్రాఫు) చూసి సెట్ చేయాలి. మిషను కంపెనీ రెండో సంగతి, సెట్ చేసే చెయ్యి మొదటిది.

ఆ చెయ్యి ఎలాంటిదో తెలియాలంటే ఫోన్లోనే ఒక్క మాట అడగండి: "రియల్ ఇయర్ మెజర్‌మెంట్ చేస్తారా?" చెవిలోకి సన్నటి గొట్టం పెట్టి, పైన మిషను తొడిగి, కర్ణభేరి దగ్గరికి నిజంగా ఎంత శబ్దం చేరుతోందో కంప్యూటర్లో కొలుస్తారు. "అక్కర్లేదండీ, సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది" అన్నారంటే నేనైతే ఫోను పెట్టేస్తాను. తెల్లకోటు వేసుకున్న ప్రతివాళ్లూ ఆడియాలజిస్టులు కారు. ఈ వృత్తివాళ్లని నమోదు చేసే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టరైతే సీఆర్‌ఆర్ నంబరని ఒక రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. అడగడానికి మొహమాటపడకండి.

మారతహళ్లి కోడలు: బాబాయ్ గారూ, ఇంకోటి గుర్తొచ్చింది. అక్కడ మాటల టెస్టని ఇంగ్లీషు పదాలు చెప్పించారు. మావయ్యగారు సగం పలకలేకపోయారు.

కల్యాణ్‌నగర్ బాబాయ్: అదీ సంగతి! ఆయనకి ఇంగ్లీషు రాదని తేలిందే తప్ప చెవి గురించి ఏం తెలిసినట్టు? మాటల టెస్టు తెలుగు పదాలతోనే జరగాలి. ఈ ఊళ్లో తెలుగు వచ్చిన ఆడియాలజిస్టు దొరకడం కష్టం కాదు, అపాయింట్‌మెంట్ అప్పుడే అడగండి. హెణ్ణూరు రోడ్డులో డాక్టర్ ఎస్.ఆర్. చంద్రశేఖర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, ఆడియాలజీ చదువు చెప్పే చోటే. ఒకరోజు కేటాయించగలిగితే మైసూరు మానసగంగోత్రిలో మాట, వినికిడి సమస్యలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఆయిష్ ఉంది. అలాంటి చోట్ల కాస్త కూర్చోవాల్సి వస్తుంది కానీ, మిషన్లు అమ్మాలనే టార్గెట్ల గోల ఉండదని నా నమ్మకం.

హొరమావు శ్రీమతి: మధ్యలో వస్తున్నా. కొన్ని షాపుల మిషన్లకి లాకు ఉంటుంది, వాళ్ల సాఫ్ట్‌వేరు తప్ప ఇంకెవరిదీ తెరవదు. మా నాన్నగారి విషయంలో అలాగే ఇరుక్కున్నాం. మీవి బయట ప్రోగ్రామ్ చేయొచ్చో లేదో మోడల్ నంబరు చెప్పి ముందే కనుక్కోండి. మళ్లీ కొనాల్సే వస్తే వారం రోజులు ఇంట్లో పెట్టుకు చూడనివ్వమనండి. బిల్లులో మిషను మీద జీఎస్టీ వేస్తే నిలదీయండి, హియరింగ్ ఎయిడ్‌కి అది లేదు. బటన్ బ్యాటరీలైతే స్టిక్కరు పీకిన వెంటనే తొడగొద్దు, ఒక నిమిషం గాలి తగలనివ్వాలి. మా నాన్న డజను స్టిక్కర్లూ ఒకేసారి పీకి వరసగా పేర్చిపెట్టారు. వాడకుండానే అన్నీ అయిపోయాయి!

మారతహళ్లి కోడలు: గురువారానికి అపాయింట్‌మెంట్ దొరికింది. తెలుగావిడే, ఆ గొట్టం టెస్టు కూడా చేస్తారట. ఏమేం తీసుకెళ్లాలి?

కల్యాణ్‌నగర్ బాబాయ్: పాత రిపోర్టు, మిషన్లు, చార్జరు. ఇంట్లో ఆయనతో ఎక్కువ మాట్లాడేవాళ్లు ఒకరు. వాళ్ల గొంతుతోనే సరిచూస్తారు.

మారతహళ్లి కోడలు: అయితే అత్తయ్యగారినే తీసుకెళ్తా. ఆవిడ గొంతు అస్సలు వినపడదంటారాయన. చెవి లోపమో, నలభై తొమ్మిదేళ్ల అలవాటో అక్కడే తేలిపోతుంది.