ఏసీ మానేద్దామనుకుంటున్నాం, అనంతపురం ఎండలకు సాధ్యమేనా?

పాతూరు కోడలు:
అందరికీ నమస్కారం. ఈ ఎండాకాలం నుంచి ఏసీ వాడకూడదని ఇంట్లో అనుకుంటున్నాం. బిల్లు కట్టలేక కాదు. వేడి పెరిగిందని ఏసీ, ఏసీకి కాల్చే బొగ్గుతో ఇంకా వేడి. ఇందులో మన వంతైనా తగ్గిద్దామని. పైన ఇంకో అంతస్తు లేదు, 600 చదరపు అడుగుల సిమెంటు మిద్దె, దానిమీద తాడిపత్రి బండలు పరిచి ఉన్నాయి. ఏసీ పాతది, ఒకటిన్నర టన్ను, ఆర్-22 గ్యాస్ అని రాసుంది. ఇంట్లో 74 ఏళ్ల అత్తమ్మ ఉన్నారు. మిద్దె చల్లబడాలంటే ఏం చేయాలి? నీళ్లకు కటకటలాడే ఊళ్లో కూలర్ పెట్టడం న్యాయమేనా? పాత ఏసీని ఏం చేయాలి?

సున్నం బకెట్:
అక్కా, ముందు మిద్దె సంగతి చూడండి, మిగతావన్నీ తర్వాత. నల్లబండ, దానికింద సిమెంటు స్లాబు పగలంతా ఎండను తాగి, పొద్దుగూకినాక ఆ వేడిని గదిలోకి దించుతాయి. రాత్రి పది దాటినా సీలింగు చేత్తో ముట్టుకుంటే వెచ్చగా ఉండేది అందుకే. మీ ఏసీ రాత్రంతా పోరాడేది ఆ స్లాబుతోనే. పాత చౌడు మిద్దెల్లో ఈ బాధ తక్కువ, మందమైన మట్టి వేడిని అంత తొందరగా కిందికి రానివ్వదు.

తెల్లపూత వేయండి. పొడి సున్నం ప్యాకెట్లు కాకుండా సున్నం గడ్డలు తెచ్చుకోండి, పాతబడిన పొడి అంటుకోదు. కిలో గడ్డలకు 5 లీటర్ల నీళ్లు లెక్క. మీ మిద్దెకు 10 కిలోలు తెస్తే రెండు మూడు పూతలకు వస్తుంది. ఇనుప డ్రమ్ములో ముందు నీళ్లు పోసి, గడ్డలు కొంచెం కొంచెంగా వేయాల. గడ్డల మీద నీళ్లు గుమ్మరిస్తే ఒక్కసారిగా ఉడికి మొహం మీదికి చిందుతుంది, కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా దిగొద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. 24 గంటలు నాననిచ్చి ముతక గుడ్డతో వడకట్టండి. 10 లీటర్ల సున్నపు నీళ్లకు 40 గ్రాముల చొప్పున తుమ్మబంక వేడినీళ్లలో కరిగించి కలపండి, అంటే మీకు 200 గ్రాములు.

పని చెడేది ఎక్కువగా వేసే తీరులోనే. దుమ్ము, పాచి వైరు బ్రష్‌తో గీకకుండా వేస్తే పొరలు పొరలుగా లేస్తుంది. మిట్టమధ్యాహ్నం వేస్తే గట్టిపడకముందే ఎండిపోయి చేతికి పొడిపొడిగా అంటుతుంది. సాయంత్రం ఎండ తగ్గాక, మిద్దెను తడిపి, మొదటి పూత నిలువుగా, అది ఆరినాక రెండోది అడ్డంగా వేసి, మరుసటి రోజు పొద్దున కొంచెం నీళ్లు చిలకరించండి. ఫిబ్రవరి, మార్చిలో వేసుకుంటే మేలు. వాన దెబ్బకు పోతుంది కాబట్టి ఏటా వేయాల్సిందే.

మీ బండలు గరుకువైతేనే ఇదంతా. నున్నగా పాలిష్ పట్టినవైతే సున్నం నిలవదు. తెల్ల టైల్స్ ముక్కలు సిమెంటులో పరిపించుకోండి, ఖర్చు ఎక్కువైనా ఏటేటా పూత బాధ ఉండదు. సాయంత్రాలు మిద్దె మీద నీళ్లు చల్లే అలవాటు ఉంటే మాత్రం మానేయండి, తెల్లబడిన మిద్దెకు ఆ నీళ్లు దండగ.

గేజీ సెట్టు:
ఏసీ విషయం నేను చెప్తా. పాత మెషీను, కంప్రెసర్ ఆగుతూ నడుస్తూ ఉన్నా రాత్రి ఎనిమిది గంటలపాటు వేస్తే 8 యూనిట్ల దాకా లాగుతుంది. మన గ్రిడ్డులో యూనిట్‌కు సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. మూడు నెలలు రోజూ వేస్తే అర టన్ను చిల్లర.

ఇప్పుడు రెండో లెక్క చూడండి. ఆ మెషీన్లో దాదాపు కిలో ఆర్-22 ఉంటుంది. ఆ కిలో గాలిలో కలిస్తే 1.8 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, పైగా ఓజోన్‌కూ చేటు. అంటే ఏసీ విప్పేటప్పుడు పైపు నట్టు వదులు చేసి గ్యాస్ బుస్సుమని వదిలేస్తే, మీరు మూడు ఎండాకాలాలు ఉక్కపోత భరించి మిగిల్చింది ఆ ఒక్క నిమిషంలో పోయినట్టే.

విప్పించాల్సి వస్తే గేజీ (గ్యాస్ ఒత్తిడి చూపే మీటరు) తెచ్చే మెకానిక్‌నే పిలవండి, "పంప్ డౌన్ చేసి విప్పు" అని ముందే చెప్పండి. ఏసీని కూలింగ్‌లో నడుపుతూ సన్నపైపు వాల్వు అలెన్ కీతో మూసేస్తారు. గ్యాస్ అంతా బయటి యూనిట్లోకి చేరి గేజీ ముల్లు సున్నా దగ్గరికి వస్తుంది. వెంటనే లావుపైపు వాల్వు మూసి కరెంటు ఆపేయాల. ఆలస్యమైతే, లేదా ఎక్కడైనా లీకుంటే, గాలి లోపలికి పీల్చుకుని కంప్రెసర్ పేలే ప్రమాదం ఉంది, అందుకే ఇది ఇంట్లోవాళ్లు చేసే పని కాదు. గుజిరీకి అమ్మితే రాగి కోసం పైపు కోసి గ్యాస్ వదిలేస్తారు. గ్యాస్ తీసి దాచే ఏర్పాటున్న, అనుమతి పొందిన ఈ-వేస్ట్ సంస్థకే ఇవ్వండి. ఏటా గ్యాస్ నింపించుకుంటున్నారంటే లీకు ఉన్నట్టే. లీకు మూయకుండా గ్యాస్ పట్టించొద్దు.

వట్టివేరు:
కూలర్ గురించి. ఏప్రిల్, మే నెలల్లో మన గాలి పొడి, అందుకే ఇక్కడ కూలర్ బాగా పనిచేస్తుంది. వానలు మొదలయ్యాక అదే కూలర్ జిడ్డుగా ఉంటుంది, అప్పుడు ఫ్యానే నయం. ఒక లీటరు నీళ్లు ఆవిరైతే దాదాపు 0.67 యూనిట్ల వేడిని లాగేస్తాయి. గదికి గంటకు 5, 6 లీటర్లు, రాత్రికి 40 నుంచి 50 లీటర్లు. కరెంటు మాత్రం ఒకటిన్నర యూనిట్ లోపే.

మరి ఏసీకి నీళ్లు ఖర్చు కావా అంటే అవుతాయి, మన కంటికి కనపడవు అంతే. థర్మల్ కేంద్రాలకు 2015లో పెట్టిన నీటి పరిమితి యూనిట్‌కు 3.5 లీటర్లు. ఆ లెక్కన 8 యూనిట్లకు 28 లీటర్లు. అయినా కూలర్‌వే ఎక్కువ, అది ఒప్పుకోవాల్సిందే. షవర్ వదిలి బకెట్ స్నానానికి మారితే, 10 లీటర్ల ఫ్లష్ టాంకులో నీళ్లు నింపిన లీటరు సీసా ఒకటి పడేస్తే ఆ తేడా ఇంట్లోనే పూడుతుంది.

ఆర్వో వదిలే నీళ్లు కూలర్‌లో పోయొద్దు. అందులో ఉప్పు ఎక్కువ, ప్యాడ్లు రాయిగట్టి గాలి ఆడదు. అవి ఇల్లు తుడవడానికి వాడుకోండి. కూలర్‌ను కిటికీ బయట, నీడలో పెట్టాల, ఎదురు కిటికీ తెరిచి ఉంచాల. గది మూసి లోపల పెట్టేవాళ్లే చెమట పడుతోందని తిడతారు. వారానికోసారి టాంకు పూర్తిగా ఒంపి, తోమి, ఆరబెట్టండి, లేకుంటే డెంగీ దోమలకు అదే ఇల్లు.

పాతూరు కోడలు:
అందరికీ కృతజ్ఞతలు. బండలు గరుకువే, సున్నం వేయిస్తాం. మరి అత్తమ్మ సంగతి? ఆమె కోసం ఏసీ ఉంచుకుంటే మా నిర్ణయం తప్పినట్టేనా?

వట్టివేరు:
తప్పడం ఏముంది అక్కా, పెద్దావిడ ప్రాణం కంటేనా. గది 40 డిగ్రీలు దాటితే ఒట్టి ఫ్యాను ఆమెకు వేడిగాలే కొడుతుంది. వాడే వేళ మార్చుకోండి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా గ్రిడ్డులో గని, శకునాల దగ్గరి 1000 మెగావాట్ల సోలార్ పార్కు లాంటివాటి కరెంటు ఉంటుంది. రాత్రయితే భారం ఎక్కువగా ముద్దనూరు ఆర్టీపీపీ లాంటి బొగ్గు కేంద్రాల మీదే. మనమేమో పగలు ఓర్చుకుని రాత్రి ఏసీ వేస్తాం. మీరు తిరగేయండి: మధ్యాహ్నం ఆమె గదిలో 27 డిగ్రీలు పెట్టి, ఫ్యాను సన్నగా తిప్పండి. 24 నుంచి పెంచే ఒక్కో డిగ్రీకి దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుంది. రాత్రికి ఏసీ కట్టేసి కిటికీలు తెరిచి కూలర్ వేయండి, పొద్దున ఎనిమిదికల్లా కిటికీలు మూసి పరదాలు దించండి.

గేజీ సెట్టు:
అలాగైతే ఏసీ ఇప్పుడే విప్పించొద్దు. సీజనుకు ముందు ఫిల్టర్లు, బయటి కాయిలు కడిగించి, జాయింట్ల దగ్గర సబ్బునురగ పెట్టి చూపించండి. బుడగ లేస్తే లీకు అక్కడే. ఫ్యాన్లు మార్చేటప్పుడు తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ మోటారువి తీసుకోండి, 75 వాట్ల చోట 30 వాట్లతో తిరుగుతాయి. కూలర్ పంపుకు, బాడీకి ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించాకే నీళ్లు పోయండి.