ముక్కు వెనక గడ్డ పుర్రెలోకి పాకితే: ముందు కీమోనా, నేరుగా రేడియేషనా?

సూర్యారావుపేట_ఈఎన్‌టీ
మనిషికి 44. ఎడమ చెవిలో నీరు రెండు నెలలుగా తగ్గలేదు. ఇప్పుడు ఒకటి రెండుగా కనబడుతోంది, ఎడమ కన్ను బయటి వైపుకి తిరగట్లేదు. ఎంఆర్ఐలో గడ్డ కావర్నస్ సైనస్ (పుర్రె లోపల, కంటిని తిప్పే నరాలు వెళ్లే చోటు) దాకా ఉంది. ముక్కులోంచి ఎండోస్కోపీతో పరీక్షకి ముక్క తీశాం, ముక్కు వెనక భాగం (నేసోఫారింక్స్) క్యాన్సరే, దానితో ముడిపడిన ఈబీవీ వైరస్ పాజిటివ్. మూడు సైకిళ్ల కీమో ముందు వేయాలా?

బ్రాడీపేట_రేడియేషన్
వేయాలి సార్. పుర్రె లోపలికి వెళ్లిందంటే టీ4, గడ్డ పాకడంలో ఆఖరి మెట్టు. కీమో మందులు రెండు: జెమ్‌సిటాబిన్ ఒంటి వైశాల్యం చదరపు మీటరుకి 1000 మి.గ్రా. 1, 8 రోజుల్లో, సిస్‌ప్లాటిన్ 80 మొదటి రోజు. 21 రోజులకోసారి, మూడు సార్లు. గడ్డకి 70 గ్రే (రేడియేషన్ డోసు కొలత) పడాలి, బ్రెయిన్‌స్టెమ్‌కి (మెదడు కాండానికి) 54 దాటకూడదు. రెండూ ఆనుకుని ఉంటే ప్లాను ఎలా కుదురుతుంది? గడ్డ తగ్గితేనే మధ్యలో నాలుగు మిల్లీమీటర్లు దొరుకుతాయి.

పటమట_ఆంకో
కీమోకి ముందున్న హద్దుకే డోసు వేయాలి కదా. తగ్గిందని గీత లోపలికి జరిపితే పుర్రె అడుగు ఎముక క్లైవస్‌లో మళ్లీ వస్తుంది. ఇక మీ నాలుగు మిల్లీమీటర్లు ఎక్కడివి?

బ్రాడీపేట_రేడియేషన్
ఎముకకి పాత హద్దే. మెదడు వైపు ఉబ్బిన మెత్తటి భాగానికి కొత్త హద్దు. రెండూ కలిపేయకండి.

కృష్ణలంక77
ఎముక చూడ్డానికి సీటీ చాలదా?

సూర్యారావుపేట_ఈఎన్‌టీ
చాలదు. కాంట్రాస్ట్ మందు ఎక్కించకముందు తీసిన టీ1 ఎంఆర్ఐలో క్లైవస్ మూలుగ తెల్లగా ఉండాలి, గడ్డ పట్టినచోట బూడిదరంగులోకి దిగుతుంది. సీటీలో ఎముక కొరుక్కుపోయాకే తెలుస్తుంది. చక్కెర పీల్చే చోట్లు చూపే పెట్ స్కాన్‌లో మెదడంతా వెలుగుతుంది, పక్కనున్న గడ్డ అందులో కలిసిపోతుంది.

పటమట_ఆంకో
హద్దుల సంగతి వదిలేయండి. మెషీన్‌లో ఖాళీ లేక "ఈలోగా ఒక సైకిల్ వేసేయండి" అంటున్నారు. అదీ నా కోపం! క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చూడకుండా, సెలైన్ సరిగ్గా ఎక్కించకుండా సిస్‌ప్లాటిన్ వేస్తే కిడ్నీ దెబ్బతింటుంది. రేడియేషన్‌తో పాటు పడాల్సిన సిస్‌ప్లాటిన్ అక్కడే ఆగిపోతుంది. పైగా మూడో సైకిల్ తర్వాత మళ్లీ వెయిటింగ్. ఆ ఖాళీలో గడ్డ పెరగదా?

బ్రాడీపేట_రేడియేషన్
పెరుగుతుంది. అది క్యూ తప్పు, కీమోది కాదు! మొదటి సైకిల్ రోజే రేడియేషన్ తేదీ కాగితం మీద ఉండాలి: మూడో సైకిల్ మొదలైన మూడు, నాలుగు వారాల్లోపు. పాడైన పళ్లు అంతకు రెండు వారాల ముందే పీకించాలి. తేదీ ఇవ్వలేనివాళ్లు పేషెంటుని ఆపుకోకూడదు, తేదీ ఉన్నచోటికి పంపాలి, గుంటూరైనా హైదరాబాదైనా.

పటమట_ఆంకో
తేదీ రాసిస్తే మూడు సైకిళ్లకి ఒప్పుకుంటా. రాసివ్వకపోతే, ఖాళీ ఉన్న మెషీన్ వెతికి నేరుగా రేడియేషన్, వారం వారం సిస్‌ప్లాటిన్ చదరపు మీటరుకి 40 మి.గ్రా.